ముగ్గుపిండి ఏ రాతిది?

ముగ్గుపిండి కొనేటప్పుడు అది ఏ రాతి పొడియో మనము అడగము. అడగవలసిందే.

గోటితో గీస్తే గీత పడి, తాకితే సబ్బులా జారేది బలపపురాయి. పులుసు కాచుకొనే రాచ్చిప్పలు దీనివే. బేలూరు, హళేబీడు శిల్పాలూ ఈ జాతి మెత్తని రాతివే. గోటికి లొంగక ఇనుపమేకుకు లొంగేది సున్నపురాయి. దాని పొడిపై నిమ్మరసం పిండితే నురగ వస్తుంది. కాలిస్తే గోడలకు వేసే సున్నమవుతుంది.

మేకుకూ లొంగక గాజునే గీసేది పలుగురాయి. చిక్కంతా దీని పొడితోనే. ఆ సన్నని ధూళిని ఏళ్లతరబడి పీల్చిన వారికి ఊపిరితిత్తులు గట్టిపడి సిలికోసిస్ వస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. ముగ్గువేసే ఇల్లాలికన్న ఆ రాయి దంచి జల్లించే కూలీలకే ముప్పెక్కువ. రెండు గాజుపెంకుల నడుమ చిటికెడు పిండి రుద్ది చూడండి. గీతలు పడితే తిరిగి ఇచ్చివేయండి. మేమైతే బియ్యప్పిండితోనే వేసుకొంటున్నాము. చీమలకూ కాస్త దక్కుతుంది.