అంతర్ముఖులు, బహిర్ముఖులు: మనుషులు రెండే రకాలా?

అపోహ: కొందరు పుట్టుకతోనే ముభావులు, అంటే అంతర్ముఖులు; కొందరు కలుపుగోలు మనుషులు, అంటే బహిర్ముఖులు. ఒక్క పరీక్ష రాస్తే ఎవరు ఏ రకమో తేలిపోతుంది.

వాస్తవం: అంతర్ముఖత్వం, బహిర్ముఖత్వం అన్న భావాలకు ప్రాచుర్యం తెచ్చిన మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ గ్రంథం 1921లో వచ్చింది. దాని ఆధారంగా అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మనుషుల్ని 16 రకాలుగా విడదీసే మయర్స్-బ్రిగ్స్ పరీక్ష అదే. చిక్కల్లా ఆ విడదీయడంలోనే ఉంది. స్వభావం కూడా ఎత్తులాంటిదే. ఊరి జనాన్ని వరసగా నిలబెడితే బాగా పొడుగువాళ్లు, బాగా పొట్టివాళ్లు కొద్దిమందే ఉంటారు, ఎక్కువమంది నడిమిఎత్తు వాళ్లే. సరిగ్గా ఆ నడిమధ్యన గీత గీస్తే, పక్కపక్కనే ఉన్న ఇద్దరు వేరువేరు రకాలైపోతారు. అందుకే కొన్ని వారాలాగి మళ్లీ అదే పరీక్ష రాసినవాళ్లలో చాలామందికి ఫలితం మారిపోతుంది.

‘నా గురించి రాసింది మాత్రం అచ్చు గుద్దినట్టు ఉందే!’ అనేవారు ఉంటారు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు ఇస్తున్నట్టుగా తలా ఒక కాగితం ఇచ్చాడు. తమ స్వభావానికి అది ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకటే. చాలామటుకు జాతకాల పుస్తకంలోంచి తీసిన వాక్యాలు. ఒక్కోసారి నలుగురితో కలిసిపోతారు, ఒక్కోసారి ముడుచుకుపోతారు అన్న అర్థం వచ్చే మాట కూడా అందులో ఉంది. అది ఎవరికి వర్తించదు?

మరి స్వభావం అనేదే లేదా? తప్పకుండా ఉంది. మనస్తత్వవేత్త విలియం ఫ్లీసన్ 2001లో ప్రచురించిన పరిశోధనలో, కొంతమంది రోజుకు పలుమార్లు తమ ప్రవర్తనను నమోదు చేశారు. ఒకే మనిషి పొద్దున గలగలా మాట్లాడి సాయంత్రానికి మౌనంగా ఉండటం మామూలేనని తేలింది. అయినా ఒక్కొక్కరి వారం సగటు చూస్తే పెద్దగా మారలేదు. అంటే ప్రతి మనిషికీ ఒక మొగ్గు ఉంటుంది, అయితే అదే ఆ మనిషి హద్దు కాదు. ఇంట్లో కబుర్లపోగులా ఉండే పిల్ల తరగతిలో నోరు మెదపకపోతే, ‘దీని స్వభావమే ఇంత’ అని వదిలేయకండి. అక్కడ ఏ బెరుకు ఆమెను ఆపుతోందో కనుక్కోండి.

అపోహ: మాటకారులే బాగా అమ్మగలరు.

వాస్తవం: మనస్తత్వవేత్త ఆడమ్ గ్రాంట్ 2013లో ప్రచురించిన పరిశోధనలో 340 మంది కాల్ సెంటర్ ఉద్యోగుల అమ్మకాలను పరిశీలిస్తే, ఎక్కువ ఆదాయం రాబట్టినవాళ్లు అటూ ఇటూ కాని మధ్యస్థులు. గ్రూప్ డిస్కషన్‌లో గొంతు పెంచినవాళ్లకే మార్కులు వేసేవారు దీన్ని గమనించాలి. ఇక ఉద్యోగుల ఎంపికకు మయర్స్-బ్రిగ్స్ పరీక్షను వాడకూడదని దాన్ని అమ్మే సంస్థే స్పష్టంగా చెబుతోంది.