వేరు కొనకు బోరాన్ ఎందుకు?

పంట డీలా పడితే ముందుగా ఆకు చూస్తాం. బోరాన్ చాలని మొక్కలో మాత్రం దెబ్బ ముందుగా తగిలేది వేరు కొనకే. జాగ్రత్తగా తవ్వి, మట్టి కడిగి చూస్తే తెలుస్తుంది: వేర్లు పొట్టిగా, మొద్దుగా ఉంటాయి, కొనలు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి.

వేరు పొడవు పెరిగేది కొన దగ్గరే. అక్కడ క్షణక్షణం కొత్త కణాలు పుడుతుంటాయి, ప్రతి కణానికీ గోడ కట్టుకోవాలి. ఆ గోడలో పెక్టిన్ ఉంటుంది. జామపండు జెల్లీ గడ్డకట్టేది ఈ పెక్టిన్ వల్లే. పెక్టిన్‌లోని ఒక రకం గొలుసులను రెండేసి చొప్పున కలిపి ముడివేసేది బోరాన్. ముడి పడకపోతే గోడ కుదురుగా రాదు, కణం సాగదు. ఒక ప్రయోగంలో, బోరాన్ తీసేసిన పోషక ద్రావణంలో గుమ్మడి జాతి మొక్కల వేళ్లు దాదాపు ఒక్క రోజులోనే ఎదుగుదల ఆపేశాయి. మొక్కకు బోరాన్ తప్పనిసరి అని 1923లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో కేథరిన్ వారింగ్టన్ చూపించారు.

రైతు గుర్తుంచుకోవాల్సిన సంగతి మరొకటి ఉంది. బోరాన్ నీటితోపాటు వేరు నుంచి ఆకుకు ఎక్కుతుంది. చాలా పంటల్లో ఆకు నుంచి మళ్లీ కిందికి దిగదు. అందుకే పిచికారీ పూతకు, చిగురుకు మేలు చేసినా వేరును ఆదుకోలేదు. వేరుకు కావలసిన బోరాన్ వేరు చుట్టూ ఉన్న మట్టిలోనే దొరకాలి.

ఇసుక నేలల్లో బోరాన్ వానకు కొట్టుకుపోతుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో ఉన్నా అందదు. బెట్ట పడితే తేమ లేక వేరు దాకా రాదు. అనంతపురం వైపు ఎర్ర నేలల్లో వేరుశనగ వేసేవారు గింజను రెండు బద్దలుగా విడదీసి చూడాలి. మధ్యలో గుంటపడి గోధుమ రంగు మచ్చ ఉంటే బోరాన్ లోపమని అనుమానించాలి.

అలాగని చేతికొద్దీ చల్లకూడదు. బోరాన్‌లో చాలినంతకూ విషమయ్యేదానికీ మధ్య తేడా చాలా తక్కువ. ఎక్కువైతే ఆకు అంచులు మాడిపోతాయి. హెక్టారుకు 10 కిలోల బోరాక్స్ వేస్తే అందులో బోరాన్ కిలో పైచిలుకే. పొలం మొత్తానికి ఆ కొంచెమే చాలు. ముందు మట్టి పరీక్ష చేయించి, సిఫార్సు చేసిన మోతాదునే పశువుల ఎరువులో బాగా కలిపి, దుక్కిలో సమంగా చల్లాలి. అప్పుడే ప్రతి వేరు కొనకూ దాని వాటా అందుతుంది.