ఒక చుక్క తేడా

తెలుగు మాస్టారికి కంప్యూటరు తెరతో ఏం పని అని మీలో ఎవరైనా అడిగితే నేను నొచ్చుకోను. మొన్నమొన్నటి దాకా నేనూ అల్లాగే అనుకున్నాను. సుద్దముక్క, నల్లబల్ల, ఎర్రసిరా కలం, ఈ మూడింటితోనే ఉద్యోగం వెళ్ళమార్చుకొచ్చిన వాణ్ణి. 2020లో కరోనా వచ్చి కాలేజీలు మూతపడ్డాక పాఠాలు తెర ఎక్కాయి. తరవాత కాలేజీ తలుపులు తెరిచారు గాని, పిల్లల ప్రాజెక్టు వ్యాసాలు మాత్రం మళ్ళీ కాగితం మీదికి దిగిరాలేదు. పి.డి.ఎఫ్. రూపంలో వస్తాయి. అల్లాగే దిద్దాలి.

కిందటేడు వేసవిలో మా ఎం.ఏ. పిల్ల ఒకతె రావిశాస్త్రి కథల మీద ప్రాజెక్టు రాసింది. విశాఖపట్నంలో ప్లీడరీ చేసిన రచయిత, ఊళ్ళో పిల్ల, ఇంతకన్న మంచి జోడీ ఏముంటుంది? ఉత్సాహంగా లాప్‌టాప్ తెరిచాను. మొదటి పేజీలోనే 'ఆరు సారా కధలు' అని కనిపించింది. రెండో పేజీలో 'కధ', మూడో పేజీలో 'కధకుడు'. అరవై పేజీల్లోనూ అదే వరస. కథలో వున్నది 'థ' అని, 'ధ' కాదని నేను ఏడాది పొడుగునా గొంతు చించుకున్న మాట మీకు తెలియదు గాని ఆ పిల్లకి తెలుసు. ఒళ్ళు మండింది. తొమ్మిది మార్కులు కోసి, పక్కన "కథ అని రాయడం రానివారికి కథల మీద పరిశోధన ఎందుకు?" అని ఓ చురక కూడా అంటించాను.

నాలుగు రోజుల తరవాత ఆ పిల్ల మా గది గుమ్మంలో నిలబడింది.

"మాస్టారూ, నేను 'థ'లో చుక్క పెట్టేనండి."

"ఎక్కడమ్మా?"

తన ఫోనులో ఆ పేజీ తీసి, రెండు వేళ్ళతో అక్షరాన్ని సాగదీసి నా ముందు పెట్టింది. వుంది చుక్క. అరవై పేజీల్లోనూ వుంది. అప్పటికే మార్కులు పైకి వెళ్ళిపోయాయి. మూడు మార్కుల్లో ఆ పిల్లకి ఫస్టుక్లాసు పోతుంది.

మార్కులు సవరించమని నేనే సంజాయిషీ రాసి పట్టుకెళ్ళాను. 'కారణం' అన్న గడిలో ఏం రాయాలో తెలియక పావుగంట కలం నములుతూ కూచున్నాను. చివరికి 'దృష్టిదోషం' అని రాశాను. రాశాక భయం వేసి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చత్వారం వచ్చిందన్నారు. నలభై దాటాక ఎవరికైనా వచ్చేదే. కొత్త అద్దాలిచ్చి, "మీ తెర మాటేమిటి?" అని కూడా అడిగారు.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. నా లాప్‌టాప్ తెర మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. పైనా కిందా పట్టీలు పోగా పేజీకి మిగిలేవి ఆరువందల పైచిలుకు. ఏ4 కాగితం పొడుగు 297 మిల్లీమీటర్లు. పేజీ అంతా ఒక్కసారి కనబడేట్టు పెట్టుకుంటే మిల్లీమీటరుకి రెండే చుక్కలు. రెండు మిల్లీమీటర్ల ఎత్తుండే అక్షరానికి వంతు వచ్చేవి నాలుగు. ఆ నాలుగు చుక్కల ఎత్తులోనే తలకట్టు రావాలి, గుండ్రం రావాలి, కింద గీత రావాలి, కడుపులో బొట్టు రావాలి. ఎక్కణ్ణించి వస్తుందండీ? ఇంగ్లీషు అక్షరాలు గీతల మనుషులు, ఇరుకులోనైనా సర్దుకుంటాయి. మన అక్షరాలకి గుడులూ, ఒత్తులూ, బొట్లూ, పరివారం ఎక్కువ.

పేజీ పెద్దది చేసుకుని చదవొచ్చుగా అంటారేమో. చదవొచ్చు. నలభై రెండు ప్రాజెక్టులు, నాలుగు రోజుల గడువు. బద్ధకం అనండి, ఒప్పుకుంటాను.

అంచేత వెడల్పాటి మానిటరు ఒకటి కొనాలని తీర్మానించాం. పదివేలు దాటకూడదని మా ఆవిడ ఆంక్ష. ద్వారకానగర్‌లో ఓ దుకాణానికి ముగ్గురం వెళ్ళాం. అక్కడి కుర్రాడు తెరలన్నిటి మీదా రామచిలకల్నీ, జలపాతాల్నీ ఆడిస్తున్నాడు. చిలకలు ఏ తెర మీదైనా బాగానే వుంటాయి. నేను జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, ఆ పిల్ల ప్రాజెక్టులో పేజీ ఒకటి పెట్టించాను. కుర్రాడు నన్నోసారి ఎగాదిగా చూశాడు గాని, అసలు బేరం అక్కణ్ణించే మొదలైంది.

మా అమ్మాయి 27 అంగుళాలది కావాలంది. చూస్తే దానికీ 24 అంగుళాలదానికీ చుక్కలు ఒకటే: అడ్డం 1920, నిలువు 1080, వెరసి 20,73,600. అదే గరిటెడు పిండిని పెద్ద పెనం మీద పరిస్తే దోసె పలచబడుతుంది కదా! అంగుళానికి చిన్నదాంట్లో సుమారు 92 చుక్కలు, పెద్దదాంట్లో 82. మా ఆవిడకి దోసె ఉపమానం వెంటనే బోధపడింది. అమ్మాయికి నచ్చలేదు.

తరవాత ఐ.పి.ఎస్. అనే రకం ఏరుకున్నాం. పక్కనించి చూసినా అందులో రంగు పెద్దగా మారదు. చవకలో దొరికే టి.ఎన్. రకాన్ని కాస్త కిందినించి చూస్తే అక్షరాలు నల్లబడ్డాయి. సెకనుకి నూరుసార్లు మారే తెర అని కుర్రాడు ఇంకోటి చూపించాడు. నేను దిద్దే వ్యాసాలు కదలవు బాబూ అన్నాను. 8,400 రూపాయలకి బేరం తెగింది.

ఇంటికొచ్చి తగిలిస్తే అక్షరాలన్నీ మంచులో తడిసినట్టున్నాయి! గుండె జారింది. తీరా చూస్తే, మేం తగిలించింది ఇంట్లో పడివున్న నీలంమూతి పాత వి.జి.ఎ. తీగ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో కిటికీ అద్దాలు పగిలి మా పాత డబ్బా మానిటరు వానలో తడిసి చచ్చిపోయింది. దాని జ్ఞాపకార్థం మిగిలిన తీగ అది. హెచ్.డి.ఎమ్.ఐ. తీగ మార్చగానే 'థ'లూ, 'ధ'లూ కడిగిన ముత్యాల్లా వేటికవి విడిపోయాయి.

ఆ పాత డబ్బా నాలుగుకి మూడు నిష్పత్తిలో చదరంగా వుండేది. కొత్తవి పదహారుకి తొమ్మిది. ఈ వెడల్పు సినిమాల పుణ్యం అనుకుంటాం. తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోపు చిత్రం, 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు', మన మన్యం కథే కావడం విశాఖవాళ్ళకి ఓ గర్వం. కాని తాటాకు మాటేమిటి? మన పూర్వులు శతాబ్దాల తరబడి అంతకన్న వెడల్పాటి తెర మీదే కావ్యాలు రాసుకున్నారు!

తాటాకుకి బాగున్న వెడల్పు ఏ4 కాగితానికి పనికిరాదు. రెండు పేజీలు పక్కపక్కన పెడితే అక్షరాలు మునుపటికి రెట్టింపు పైన తేటగా వున్నాయి గాని, పేజీ అడుగుభాగం తెర కిందికి పోతోంది. తెరని నిలువుగా తిప్పితే పేజీ మొత్తం పట్టేస్తుంది. మరి తిరిగే కాలున్న మానిటరు మా ఆంక్షకి అందదు, మాదాని కాలు తల వంచడం తప్ప ఏమీ ఎరగదు. వీపున మాత్రం నాలుగు మరల బెజ్జాలున్నాయి, చదరంగా నూరేసి మిల్లీమీటర్ల దూరంలో. మా వీధి వడ్రంగిని పిలిచి ఆ కొలతకి టేకు చెక్కతో ఓ నిలువు పీట చేయించాను. మా సముద్రగాలికి ఇనప మరలు తుప్పెక్కుతాయని స్టెయిన్‌లెస్ స్టీలువి వెతికి తెచ్చింది ఆయనే.

ఇప్పుడు ఇల్లంతా దాని చుట్టూ తిరుగుతోంది. పొద్దున్న అమ్మాయి ఇంటరు పాఠాలు, సాయంత్రం శ్రీకాకుళం నించి మా అత్తగారి వీడియో దర్శనం, రాత్రి నా దిద్దుబాట్లు. నిలువు తెరలో మనుషులు సన్నగా స్తంభాల్లా కనిపిస్తారని మా ఆవిడ దాన్ని రోజుకి రెండుసార్లు పీట మీంచి దింపిస్తుంది. మళ్ళీ ఎక్కించే పని నాది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల అవతలి వస్తువుని ఇరవై సెకన్లు చూడమని డాక్టరు చెప్పారు. మా డాబా మీంచి రేవు బయట లంగరు వేసిన ఓడలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టడానికి వెళ్ళి ఒక్కోసారి గంటకి గాని దిగను.

ఆ పిల్ల మార్కులు సవరించారు. ఫస్టుక్లాసు వచ్చింది. నా చురకకి జవాబుగా ఒక్కమాటా అనలేదు. అంటే బాగుండునేమో.

అన్నట్టు, ఒక్క సంగతి మరిచాను. దుకాణంలో నేను పరీక్షించింది ప్రదర్శనకి పెట్టినదాన్ని, ఇంటికి తెచ్చుకున్నది అట్టపెట్టెలోదాన్ని. తెల్ల పేజీ తెరిచాక చూస్తే, నడిమికి కాస్త కుడిగా ఒక చుక్క చచ్చిపోయి నల్లగా వుంది. ఒక్క చుక్కకి మార్చరన్నాడు కుర్రాడు. 'ధ' కడుపులోకి సరిగ్గా అది వచ్చి కూచుందంటే 'థ' అయిపోతుంది! అందుకని ఇప్పుడు 'కథ' కనిపించినప్పుడల్లా పేజీని ఒక వరస పైకి జరుపుతాను. చుక్క అక్షరంతోపాటు కదిలితే అది విద్యార్థిది. ఉన్నచోటే వుంటే మా తెరది.