పరాసు లోభియు, ఆంధ్ర లోభియు

హాస్యనాటకము దేశాంతరమునకు పోవునపుడు కథ సులభముగనే పోవును; ఆచారము పోదు. నవ్వు పుట్టునది ఆచారమునుండియే. కాఁబట్టి పరాసు ప్రహసనములు పరదేశములలో పొందిన గతిని ఈ దృష్టితో విచారింపవలయును.

మోలియేరు రచించిన ‘తార్త్యూఫ్’ కపటభక్తుని పరిహసించు నాటకము. అది 1664లో వెర్సాయిలో రాజసన్నిధిని ఆడఁబడి, పిమ్మట నిషేధింపఁబడి, 1669లో మరల వెలువడెను. 1694లో కెనడాయందలి క్విబెక్కున గవర్నరగు ఫ్రాంతెనాకు దానిని ఆడింపఁదలఁపఁగా, అచటి బిషప్పు వలదని శాసించి, ప్రదర్శనము మానుటకై అతనికి నూఱు బంగారు నాణెముల సొమ్మిచ్చెను. వలసలోను మతాచారము స్వదేశమునందలిదే కావున పరిహాసము అచ్చటను సూటిగనే తగిలెను.

సెయింట్ దొమింగు ద్వీపమునందలి కాప్ ఫ్రాన్సే పట్టణమున వేఱొక మార్గము కనఁబడుచున్నది. రూసో 1752లో వెలయించిన గ్రామజ్యోతిష్కుని గేయరూపకమును క్లెమాన్ అను నటుఁడు 1758లో అచటి క్రియోలు భాషలో ‘జన్నో, తెరేజు’ అను హాస్యానుకరణముగా మార్చెను. పాత్రలు ఆ ద్వీపవాసులైరి, మాట వారిదయ్యెను.

ఇఁక మన దేశము. గోదావరీతీరమందలి యానాము 1954 వఱకు పరాసువారి యేలుబడిలో నుండెను. అయినను మోలియేరును తెనుఁగు చేసినవారిలో ప్రసిద్ధులు రాజమహేంద్రవర వాస్తవ్యులగు భమిడిపాటి కామేశ్వరరావుగారు (1897-1958). వారు అవలంబించినది అనువాదమార్గము కాదు, అనుసరణమార్గము. దాని యావశ్యకతను ఒక్క యుదాహరణము తెలుపఁగలదు.

మోలియేరు 1668లో ప్రదర్శించిన ‘లోభి’ నాటకమున హార్పగాను తన కూఁతును ధనికుఁడగు ఒక ప్రౌఢునకు ఈయఁబూనును. వయోభేదము, కన్య యిష్టము మొదలగు ఆక్షేపణములన్నిఁటికిని అతని సమాధానమొక్కటే: వరుఁడు కట్నమడుగలేదు! ఈ పునరుక్తియే హాస్యమునకు జీవము.

1892లో విజయనగరమున ఆడఁబడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’నందు ధనము ఎదురుదిక్కున నడచును. అగ్నిహోత్రావధానులు చిన్నకూఁతును 1800 రూపాయలకు వృద్ధుఁడగు లుబ్ధావధానులకు అమ్మఁజూచును. ఇట్టి సమాజమున హార్పగాను సమాధానమును యథాతథముగా వినిపించినచో ప్రేక్షకుఁడు నవ్వఁడు. కట్నమీయకుండుట అచ్చట లాభమే కాదు. కాళ్ళకూరి నారాయణరావుగారి (1871-1927) ‘వరవిక్రయము’ నాటికి వరశుల్కము ప్రబలినందున, అదే సమాధానము మార్పు లేకయే నవ్వింపఁగలదు. పరాసు మూలము మాఱలేదు, తెనుఁగుభాష మాఱలేదు. మాఱినది పెండ్లిసొమ్ము దారి.

కావున అనుసరణమును మూలముతో పదమునకు పదము సరిచూచి గుణదోషములు నిర్ణయించుట న్యాయము కాదు. పాత్ర లోభము నిలిచెనా, ఆ లోభమునకు తగిన ఆచారము దొరకెనా యనునదియే పరీక్ష. మోర్తాడు పాఠశాలలో ఈ ప్రహసనమును బాలురచే ఆడింపఁగోరు పండితుఁడును నిఘంటువును తెఱచుటకు ముందు ఈ ప్రశ్న వేసికొనఁదగును: ఈ యూర పెండ్లిసొమ్ము ఎవరు ఎవరికి ఇత్తురు?