డిజిటల్ వాల్యూమ్ తగ్గిస్తే సౌండ్ క్వాలిటీ పోతుందా? లెక్కేసి చూద్దాం

స్ట్రీమర్‌లో వాల్యూమ్ తగ్గిస్తే బిట్స్ పోతాయట, అందుకే ఎప్పుడూ 100 శాతంలో పెట్టి ఆంప్ నాబ్‌తోనే తగ్గించుకోవాలట. ఆడియో మీద నాలుగు వీడియోలు చూసిన ఎవరైనా ఈ మాట వినే ఉంటారు. నేనూ నమ్మాను. సంక్రాంతి సెలవులకి విజయవాడ వెళ్లినప్పుడు, నేను సొంతంగా చేసుకున్న స్ట్రీమర్‌ని నాన్న పాత బుక్‌షెల్ఫ్ స్పీకర్లకి పెట్టి, సెట్టింగ్స్‌లో వాల్యూమ్ కంట్రోల్ పూర్తిగా ఆఫ్ చేసేశా. బిట్ పర్ఫెక్ట్ అన్నమాట! ముందురోజు సౌండ్ చాలట్లేదని ఆంప్ నాబ్ సగం దాటించిన సంగతి మర్చిపోయా. ప్లే నొక్కాను. రెండే సెకన్లు, కుడివైపు ట్వీటర్ కాలిపోయింది. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. నాన్న "ఏం చేశావురా?" అని ఊరుకున్నారు, అదే ఎక్కువ బాధ. తప్పు పూర్తిగా నాదే. అప్పుడు కూర్చుని, అసలు ఈ బిట్స్ గొడవలో నిజమెంతో లెక్కేశా.

డిజిటల్ ఆడియో అంటే నంబర్లే. సీడీ క్వాలిటీలో ఒక్కో శాంపిల్ 16 బిట్లు, అంటే -32768 నుంచి 32767 దాకా. వాల్యూమ్ తగ్గించడమంటే ప్రతి శాంపిల్‌నీ 1 కంటే చిన్న నంబర్‌తో గుణించడమే. సగం చేస్తే 6 డీబీ తగ్గుతుంది, ఒక బిట్ ఖర్చవుతుంది. 48 డీబీ తగ్గించారనుకోండి, 8 బిట్లు పోయి 256 మెట్లే మిగులుతాయి. ఇక్కడిదాకా ఆ వీడియోలు చెప్పేది కరెక్టే.

అయితే గుణించాక వచ్చిన జవాబుని మళ్లీ 16 బిట్లలోనే కుక్కితేనే ఈ బాధ. అదే శాంపిల్‌ని 24 బిట్ల డబ్బాలో పెడితే కింద 8 బిట్లు ఖాళీగా ఉంటాయి. 48 డీబీ తగ్గించినా పాట ఆ ఖాళీలోకి జారుతుంది తప్ప తెగిపోదు. మిగిలే రౌండింగ్ తప్పు సుమారు 144 డీబీ కింద ఉంటుంది. డాక్ చిప్ సొంత నాయిస్ అంతకంటే ఎంతో పైన ఉంటుంది కాబట్టి ఆ తప్పు అందులో మునిగిపోతుంది.

రాస్‌బెర్రీ పై వాడేవాళ్లకి ఒక మాట. ఎంపీడీలో మిక్సర్ టైప్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది: హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, నన్. పీసీఎం5122 లాంటి చిప్‌లో వాల్యూమ్ కంట్రోల్ చిప్ లోపలే ఉంది, 0.5 డీబీ చొప్పున కదులుతుంది. అలాంటి బోర్డు ఉంటే హార్డ్‌వేర్ పెట్టుకోండి. పీసీఎం5102ఏలో ఆ సదుపాయం లేదు, సాఫ్ట్‌వేరే గతి. అప్పుడు అవుట్‌పుట్ 24 లేదా 32 బిట్లలో వెళ్తోందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. పై చిప్‌ల డైనమిక్ రేంజ్ 112 డీబీ, అవుట్‌పుట్ సుమారు 2 వోల్టులు. అంటే నాయిస్ దాదాపు 5 మైక్రోవోల్టులు. డిజిటల్‌గా ఎంత తగ్గించినా పాట తగ్గుతుంది గానీ, ఈ 5 మైక్రోవోల్టులు అలాగే ఉంటాయి. డాక్ తర్వాత వచ్చే అనలాగ్ నాబ్ అయితే రెండిటినీ కలిపి తగ్గిస్తుంది. రెండు పద్ధతులకీ నిజమైన తేడా ఇదే, బిట్స్ కాదు.

ఆ తేడా చెవికి తెలుస్తుందా? 26 డీబీ గెయిన్ ఉన్న ఆంప్ 2 వోల్టులని 40 వోల్టులు చేస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది 200 వాట్లు! (నా ట్వీటర్ ఎందుకు పోయిందో ఇప్పుడర్థమైందిగా.) 86 డీబీ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌తో రాత్రిపూట మీటర్ దూరంలో పీక్ 70 డీబీ చాలనుకుంటే, స్ట్రీమర్‌ని దాదాపు 40 డీబీ తగ్గించాలి. అప్పుడు 112లో 72 మిగిలింది. అంటే డాక్ నాయిస్ మీ చెవి దగ్గర సున్నా డీబీ కంటే కిందే. అదే 16 బిట్ల అవుట్‌పుట్ అయితే 14 డీబీ దగ్గర ఉంటుంది, మన ఫ్యాన్ సౌండ్ ముందు అదీ దాక్కుంటుంది. స్పీకర్‌కి చెవి ఆనిస్తే వినపడే హిస్ చాలాసార్లు ఆంప్‌దే, డాక్‌ది కాదు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చేసి చూడండి. పైథాన్‌లో ఒక 16 బిట్ల వేవ్ ఫైల్ తీసుకుని శాంపిల్స్‌ని 8 బిట్లు కుడికి, మళ్లీ 8 బిట్లు ఎడమకి షిఫ్ట్ చేయండి. రెండు లైన్ల కోడ్. మెల్లగా ఫేడ్ అయ్యే వీణ నోట్ చివర్లో గరగరమంటూ విరిగిపోతుంది. తర్వాత షిఫ్ట్ చేసేముందు చిన్న ర్యాండమ్ నాయిస్ కలిపి చూడండి, దీన్నే డిథర్ అంటారు. సన్నటి హిస్ వస్తుంది కానీ నోట్ దాని కిందకి నున్నగా జారుతుంది. ఆ తేడా విన్నాకే నాకు డిథర్ అంటే అర్థమైంది. బీటెక్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ పాసయ్యాను, అర్థం మాత్రం కాలేదు.

ఇప్పుడు నా సెటప్ ఇలా: స్ట్రీమర్ 100 శాతంలో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరూ అంతకంటే ఎక్కువ సౌండ్ అడగరు అనే చోట ఆంప్ నాబ్ ఆపేశాం, మిగతాదంతా ఫోన్‌లోంచే. అలా పెడితే రాత్రి కూడా స్ట్రీమర్‌లో 20 డీబీకి మించి తగ్గించక్కర్లేదు, పొరపాటున 100 పడినా స్పీకర్‌కి ఏమీ కాదు. అలాంటి ట్వీటరే మళ్లీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. నాన్న ఆంప్ నాబ్ మీద 9 గంటల స్థానంలో అమ్మ నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టారు, నేను ఇంటికెళ్లిన ప్రతిసారీ ముందు అది చూపించాకే రిమోట్ ఇస్తారు.