షాంపేను కాని నురుగు ఆసవములు

మావారు పరీక్షపత్రములు దిద్దుచు నొకనాడు నవ్విరి. ఫ్రాన్సు దేశపు పంటలను గూర్చి వ్రాయుమనగా నొక బాలుడు, “ఆ దేశమున మూత తీయగనే నురుగు చిమ్మెడు ద్రాక్షాసవమునకు షాంపేనని పేరు” అని వ్రాసెనట. ఇందు తప్పేమని నే నడిగితిని. “ఆ మాట ఫ్రాన్సులో నన్నచో సగము దేశము నీపై కోపించును” అనిరి. మా యింట మద్యము అడుగు పెట్టలేదు, పెట్టబోదు. ఐనను ఒక పేరు కొరకు అంత తగవేల కలిగెనో తెలిసికొన గోరి పుస్తకములు చూచితిని. తెలిసినంత సోదరీమణులకు మనవి చేయుచున్నాను.

షాంపేను అనునది మొదట నొక సీమ పేరు. అది పారిసు నగరమునకు తూర్పున నున్నది. ఆ సీమలో పండిన ద్రాక్షతో ఆ సీమలోనే చేసిన ఆసవమునకే ఫ్రాన్సున నా పేరు చెల్లును. వేరొక యూర నేసిన చీరను ఉప్పాడ జాందానీ యని యమ్మరాదు గదా! అట్టిదే యిదియును. కాని నురుగు మాత్రము ఆ సీమ సొత్తు కాదు.

నురుగెట్లు పుట్టునో ముందు చెప్పవలెను. ఇడ్లీపిండి రాత్రి గిన్నెలో పోసియుంచిన తెల్లవారుసరికి పొంగుట మనమందరము చూచినదే. పులియునపుడు పుట్టెడి వాయువే ఆ పొంగునకు కారణము. ద్రాక్షరసము తొట్టిలో పులిసినచో ఆ వాయువు గాలిలో కలిసిపోవును. ఆసవమగును గాని నురుగుండదు. ఆ యాసవమును సీసాలో నింపి, కొంచెము చక్కెరయు ఈస్టును చేర్చి మూత బిగించినచో మరల పులియును. ఈమారు వాయువు వెలికిపోవ దారి లేక ఆసవముననే కరగి యుండును. లోపలి ఒత్తిడి మోటారుబండి చక్రములోని ఒత్తిడికి రెండు మూడింతలు. అందుచేతనే ఆ సీసాలు అంత దళసరిగా నుండును. బిరడాకు తీగకట్టును కావలసి వచ్చును.

ఇక తగవు మాట. ఫ్రాన్సు దక్షిణమున లిమూ అను చిన్న పట్టణము గలదు. దాని చేరువనున్న సెంట్ హిలేర్ మఠమునందు 1531లోనే సన్న్యాసులు సీసాలలో బుడగలు లేచుట గమనించిరని అచ్చటివారు తరతరములుగా చెప్పుకొందురు. షాంపేనునకు మూలపురుషుడని లోకము చెప్పుకొనెడి దోమ్ పెరిన్యోఁ తన మఠమునకు వచ్చినది 1668లో. ఆయనయు బుడగలను మాన్పవలెనని శ్రమించినవాడే గాని వానిని కనిపెట్టినవాడు కాడు. లిమూవారి ఆసవమునకు బ్లాంకెట్ అని పేరు. అందొక రకమునకు చక్కెర చేర్పనే చేర్పరు. మొదటి పులుపు ముగియకమున్నే సీసాలో నింపుదురు. అది తియ్యన, మత్తు తక్కువ.

షాంపేనువారి గొప్పతనమును కాదనరాదు. పని ముగించిన ఈస్టు సీసాలో మడ్డిగా నిలిచిపోవును. దానిని తీయు నుపాయము 1816 ప్రాంతమున క్లికో అను వితంతువు కొట్టులో పుట్టెను. తన వంటయింటి బల్లకే చిల్లులు పొడిపించి, అందు సీసాలను తలక్రిందుగా నిలిపి, నిత్యము కొంచెము కొంచెము త్రిప్పించి మడ్డిని మెడలోనికి దింపించెనని చెప్పుదురు. ఆమె భర్త 1805లో పోవునప్పటి కామెకు ఇరువదియేడేండ్లు. ఆనాటి ఫ్రెంచి శాసనము భార్యను భర్త చేతిక్రింద నుంచినది. వితంతువు మాత్రము తన వ్యాపారమును తానే నడుపుకొనవచ్చును. ఆ కాలమున మన దేశపు వితంతువుల గతిని తలచి నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. నేడు యంత్రములే త్రిప్పుచున్నను, దేశమంతట అదే యుపాయము.

1911లో షాంపేను రైతులు తిరుగబడిరి. వర్తకులు లువారు నదీప్రాంతము నుండియు దక్షిణము నుండియు చౌక ద్రాక్షను రైళ్లలో తెప్పించి, దానితో చేసినదానిని షాంపేనని యమ్ముచుండిరి. రైతులు కొట్లలో జొరబడి ఆసవమును వీధులపాలు చేసిరి. తుదకు 1927లో శాసనము సీమకు ఎల్లలు గీచినది. వెలుపలివారు అటుపిమ్మట “షాంపేను పద్ధతి” యని సీసాలపై వ్రాసికొనుచుండిరి. 1994 నుండి ఐరోపా శాసనము ఆ మాటను గూడ మాన్పించినది.

వారికి మిగిలిన పేరు క్రెమాన్. అదియు షాంపేనువారే నురుగు తక్కువైన రకమునకు వాడి విడిచినది. 1975లో లువారు, బుర్గుండీ సీమలకును, మరుసటి యేట అల్సాసునకును దక్కెను. నేడు ఫ్రాన్సున నెనిమిది సీమలు దానిని వాడుచున్నవి. నియమములు తేలిక యనుకొనకుడు. గుత్తులను చేతితోనే కోయవలెను. నూరు లీటర్ల రసమునకు నూటయేబది కిలోల పండ్లు కావలెను. సీసా మడ్డితో తొమ్మిది నెలలకు తక్కువ గాక విశ్రమింపవలెను. నవమాసములని చదివి నాకు నవ్వు వచ్చినది. వెల మాత్రము షాంపేనుకంటె చాల తక్కువ.

దీ అను ఊరి ఆసవము కథ వేరు. దాని పేరు క్లెరెట్. క్లెరెట్ యనునది ఒక ద్రాక్షజాతి. కాని అందు ముప్పాతికకు తగ్గక ఉండవలసినది మస్కటు ద్రాక్ష! క్లెరెట్ ద్రాక్షయే ముఖ్యముగా గలది అచ్చటి క్రెమాన్. పేరొకరిది, పాకమొకరిది.

ఆ బాలుని యుత్తరమునకు మావారు సగము మార్కు వేసిరి. లిమూవారు దిద్దినచో సున్న చుట్టియుందురు.