టన్నులు వేరు, రికవరీ వేరు: కణభౌతిక శాస్త్రంలో కొన్ని విశేషాలు

బోధన్ చెరకు రైతుకు రికవరీ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కాటా మీద ఎన్ని టన్నులు తూగినా, రసం పిండాక వందకు ఎంత చక్కెర దిగిందన్నదే అసలు లెక్క. పది శాతం రికవరీ అంటే టన్ను చెరకుకు క్వింటాల్ చక్కెర. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయినా, ఆ మాట మాత్రం ఈ ప్రాంతం మరిచిపోలేదు. కణభౌతిక శాస్త్రవేత్త పనిని కొలవడానికీ ఇలాంటి రెండు లెక్కలున్నాయి. రాసిన పరిశోధన పత్రాలు టన్నులైతే, ఆ పత్రాలను తర్వాతివాళ్లు తమ పత్రాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారన్నది రికవరీ. దాన్నే సైటేషన్ అంటారు.

ఈ రెండు లెక్కలనూ ఒకే అంకెలో ఇమిడ్చినవాడు కూడా భౌతిక శాస్త్రవేత్తే. అమెరికాలో పనిచేస్తున్న హోర్హే హిర్ష్ 2005లో హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాడు. మీ పత్రాల్లో ఇరవై, ఒక్కొక్కటీ కనీసం ఇరవైసార్లు సైటేషన్ పొందితే మీ హెచ్-ఇండెక్స్ ఇరవై. ఆ పత్రంలో ఆయన లెక్కగట్టిన భౌతిక శాస్త్రవేత్తల్లో ఎడ్వర్డ్ విటెన్‌ది అన్నిటికన్నా పెద్ద అంకె: 110.

సైటేషన్లు వెంటనే రావాలని లేదు. స్టీవెన్ వైన్‌బర్గ్ 1967లో మూడు పేజీల లోపు పత్రం ఒకటి రాశాడు. విద్యుదయస్కాంత బలం, బలహీన బలం రెండూ ఒకే మూలానివని చెప్పే పత్రమది. మొదటి మూడు నాలుగేళ్లు దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1971లో డచ్ యువకుడు హెరార్డ్ ట్ హోఫ్ట్ ఆ గణితం నిలబడుతుందని నిరూపించాక ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. 1979లో వైన్‌బర్గ్‌కు నోబెల్ వచ్చింది. ఈ రోజు ఆ పత్రానికి పది వేలకు పైగా సైటేషన్లున్నాయి.

మనకు దగ్గరి కథ కోలార్ బంగారు గనుల్లో ఉంది. కర్ణాటకలోదే అయినా అక్కడి వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఆ గనుల్లోకి దిగింది బంగారం కోసం కాదు. ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాల్లోని మ్యూయాన్లనే కణాలు ఎంత లోతు దాకా చొచ్చుకుపోతాయో కొలవడానికి. మియాకె, నరసింహం, రమణమూర్తి ముగ్గురి పేరుతో 1964లో వచ్చిన పత్రం ఆ కొలతల గురించే. గనిలో అట్టడుగున సుమారు రెండు నెలలు పరికరం నడిపినా ఒక్క మ్యూయాన్ కూడా తగల్లేదు. ఏమీ దొరకలేదని చేతులెత్తేయడానికి బదులు, ఇంత నిశ్శబ్దం ఉన్నచోటే న్యూట్రినో అనే కణాన్ని వెతకాలని ఆ బృందం గ్రహించింది. ఆ ఆలోచన మన దేశ విజ్ఞాన చరిత్రలోనే గొప్ప ఆలోచనల్లో ఒకటని నా నమ్మకం. పైనుంచి నిట్టనిలువుగా వచ్చే మ్యూయాన్లలో దాదాపు అన్నిటినీ రాయి ఆపేస్తుంది. పక్కనుంచి రావాలంటే ఇంకా ఎక్కువ రాయి దాటాలి. అయినా అడ్డంగా వచ్చే మ్యూయాన్ కనిపిస్తే, అది న్యూట్రినో ఆ రాతిని తాకినప్పుడు పుట్టినదే అయి ఉండాలి.

చాంపియన్ రీఫ్ గనిలో, నేల కింద 2.3 కిలోమీటర్ల లోతున అలాంటి మ్యూయాన్లు దొరికాయి. పత్రం 1965 ఆగస్టు 15న ఫిజిక్స్ లెటర్స్‌లో అచ్చయింది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇదే పని చేస్తున్న ఫ్రెడరిక్ రైనెస్ బృందానికి న్యూట్రినో ముందే, ఫిబ్రవరిలోనే చిక్కింది గానీ వాళ్ల పత్రం ఆగస్టు 30న వచ్చింది. కాబట్టి ఈ ఘనత ఇద్దరిదీ. విశ్వకిరణాల వల్ల వాతావరణంలో పుట్టే న్యూట్రినోల మీద జరిగిన పని అంతటికీ ఈ రెండు పత్రాలే మొదలు. 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండె ఆ న్యూట్రినోలు దారిలో రకం మారతాయని చూపించింది. అందుకు 2015లో తకాకి కజితాకు నోబెల్ దక్కింది.

కోలార్ పత్రం మీద పదకొండు పేర్లున్నాయి. బొంబాయి వాళ్లు అయిదుగురు, జపాన్‌లోని ఒసాకా వాళ్లు ఇద్దరు, ఇంగ్లండ్‌లోని డరమ్ వాళ్లు నలుగురు. ఏ జట్టుకు ఆ జట్టు అక్షరక్రమంలో ఉంది, పెద్దరికాన్ని బట్టి కాదు. ఆ పదకొండు మందిలో పి.వి.రమణమూర్తి, ఆర్నాల్డ్ వుల్ఫెన్‌డేల్ తర్వాత కలిసి గామా కిరణాల ఖగోళ శాస్త్రం మీద పుస్తకం రాశారు. 1986లో కేంబ్రిడ్జ్ ప్రెస్ అచ్చువేసింది.

పదకొండు పేర్లే ఎక్కువనిపిస్తే ఇది చూడండి. 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశి గురించి యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాల బృందాలు రెండు కలిసి రాసిన పత్రానికి 5,154 మంది రచయితలు. మొత్తం 33 పేజీల్లో 24 పేజీలు పేర్లకూ సంస్థలకే సరిపోయాయి. ఇలాంటి పత్రానికి వచ్చే ప్రతి సైటేషన్ అందులో ఉన్న ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పడుతుంది. ఒంటరిగా కాగితం మీద లెక్కలు వేసుకునే సిద్ధాంతకర్తనూ, సొరంగంలో డిటెక్టర్ బిగించే యువతినీ ఒకే అంకెతో పోల్చడం అన్యాయం.

ఆ హిగ్స్ కణానికి పేరిచ్చిన పీటర్ హిగ్స్ దాన్ని ఊహించిన 1964 తర్వాత అచ్చువేసిన పత్రాలు పదికి మించవు. ఈ కాలంలో తనకు విశ్వవిద్యాలయంలో ఉద్యోగమే దొరకదని 2013లో ఆయనే అన్నాడు.

మన పేర్లతో మరో చిక్కుంది. ఇంటిపేరు ముందు వచ్చి పొడి అక్షరంగా మిగిలిపోతుంది, చివర ఉన్న రావు, మూర్తి, శర్మ ఇంటిపేర్లైపోతాయి. ఒకరి సైటేషన్లు ఇంకొకరి ఖాతాలో కలిసిపోవచ్చు. ఇలాంటి చిక్కులు తీర్చడానికే 2012లో ఆర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. ఎవరికైనా ఉచితమే.

ఈ శాఖ పత్రాలకు ఇన్‌స్పైర్ అనే జాబితా ఉంది. దాని ముందుతరం స్పైర్స్‌ను అందరికీ అందించాలనే 1991 డిసెంబరులో కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాల అమెరికాలోనే మొదటి వెబ్‌సైటు తెరిచింది. నిజామాబాద్‌లో ఇంట్లో కూర్చున్న డిగ్రీ విద్యార్థి ఫోన్లోనే రుసుము లేకుండా ఇన్‌స్పైర్ తెరుచుకుంటుంది. కోలార్ పత్రం కోసం వెతికితే ‘మూర్తి’ అనీ, ‘రమణమూర్తి’ అనీ రెండు రకాలుగానూ కొట్టి చూడడం మంచిది.